మాసినది, వాడినది, చివికినది: సౌరఫలకాల శక్తిక్షీణత – పునరుద్ధరణ

వ్యాససంగ్రహం

సౌరవిద్యుత్ కేంద్రాలలోని ఫలకాలు ఏటేటా కొంత శక్తిని కోల్పోతాయి. ఈ నష్టమంతా ఒకే స్వభావం కలది కాదు. కడిగితే పోయేది కొంత, విద్యుత్ చికిత్సతో తిరిగివచ్చేది కొంత, ఎన్నటికీ తిరిగిరానిది కొంత. మూడింటినీ ‘క్షీణత’ అన్న ఒక్క మాటతో చెప్పడం వల్ల విషయం మసకబారుతున్నది. నంద్యాల, కర్నూలు జిల్లాల సరిహద్దులోని సౌరవిద్యుత్ పార్కు నేపథ్యంగా ‘పొటెన్షియల్ ప్రేరిత క్షీణత’ అనే దోషం ఎలా పుడుతుందో, దానిని రాత్రివేళ ఎలా సరిచేస్తారో, ఆ పద్ధతికి గల హద్దులేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది. వివరణకు తెలుగులో ఇప్పటికే ఉన్న క్రియాపదాల సాయం తీసుకుంటుంది.

కీలక పదాలు: సౌరఫలకం, క్షీణత, పునరుద్ధరణ, పొటెన్షియల్ ప్రేరిత క్షీణత, గని–శకునాల, శాస్త్రపరిభాష, తెలుగు క్రియలు.

1. ప్రవేశిక

డోన్‌లో డిగ్రీ విద్యార్థులకు క్రియాపదాల అర్థచ్ఛాయల గురించి పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. అతని అన్న ఒక సౌరవిద్యుత్ కేంద్రంలో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాడు. “సార్, చెడిపోయిన సోలార్ పలకకు రాత్రిపూట ఒక పెట్టె తగిలిస్తే మళ్ళీ బాగయితాదంట. చెడిపోయింది బాగయ్యేదేంది సార్? బాగయితే అది చెడిపోయినట్లెట్ల?” అని అతని సందేహం.

ఆ సమయానికి నా వద్ద జవాబు లేదు. ప్రశ్న విద్యుత్తుకు సంబంధించినదని తప్పించుకోవచ్చు. కానీ అందులో సగం భాషకు సంబంధించినదే. ‘చెడిపోవు’ అన్న క్రియలో తిరిగిరాకపోవడం అనే అర్థం ఉన్నదా, లేదా? మజ్జిగ చెడిపోతే తిరిగిరాదు. ఆరోగ్యం చెడితే తిరిగివస్తుంది. ‘క్షీణత’ అన్న సంస్కృతపదం ఈ భేదాన్ని అసలే పట్టించుకోదు. చంద్రుడూ క్షీణిస్తాడు, ఆయువూ క్షీణిస్తుంది. ఒకటి పక్షం రోజులలో నిండుతుంది, మరొకటి నిండదు. సౌరఫలకాల విషయంలో ఈ భేదమే ప్రధానం. ఫలకాన్ని ఉంచాలా, ఊడదీసి పారవేయాలా అన్న నిర్ణయం దానిమీదనే ఆధారపడి ఉంది.

తెలుగు అధ్యాపకుడు విద్యుత్ శాస్త్రంలో తలదూర్చడం కొందరికి అనౌచిత్యంగా తోచవచ్చు. అయితే మా ఊళ్ళ విద్యార్థులకు ఈ ఫలకాలు పాఠ్యాంశం కాదు, పొరుగు. ఇంటిలో ఒకరు అక్కడ పనిచేసేవారు కావచ్చు, భూమి ఇచ్చినవారు కావచ్చు. పొరుగును గురించి వారి భాషలో తెలుసుకోవడం వారికి అవసరం.

2. గని – శకునాల

డోన్ నుంచి బేతంచెర్ల మీదుగా నంద్యాలకు వెళ్ళే రైలుమార్గంలో పాణ్యం ఒక స్టేషన్. పాణ్యానికి ఉత్తరాన గని, శకునాల గ్రామాల పరిధిలో కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు ఉంది. విస్తీర్ణం 5,932.32 ఎకరాలు, సామర్థ్యం 1,000 మెగావాట్లు. 2017లో పూర్తిస్థాయిలో పనిలోకి వచ్చినప్పుడు, ఒకేచోట ఉన్న సౌరవిద్యుత్ పార్కులలో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటిగా దీనికి పేరు వచ్చింది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు గని ఉన్న గడివేముల మండలం నంద్యాల జిల్లాలోకి చేరింది. శకునాల ఉన్న ఓర్వకల్లు మండలం కర్నూలు జిల్లాలోనే ఉండిపోయింది. పేరు మాత్రం కర్నూలుదే మిగిలింది.

2015 నవంబరులో ఇక్కడి 500 మెగావాట్ల వాటాకు సన్ఎడిసన్ సంస్థ యూనిట్‌కు 4.63 రూపాయల ధర కోట్ చేసి దక్కించుకున్నది. అప్పటికి దేశంలో అంత తక్కువ ధర లేదు. మరుసటి ఏడాదే అమెరికాలో ఆ సంస్థ దివాలా తీయగా, దాని భారతీయ ఆస్తులను గ్రీన్‌కో సంస్థ తీసుకున్నది. ఈ కథ ఇక్కడ ఎందుకంటే, ధర ఎంత తక్కువగా ఉంటే ఫలకాల ఆరోగ్యం అంత ముఖ్యమవుతుంది. ఒకసారి యూనిట్ ధర 25 ఏళ్ళకు ఖాయమైన తరువాత కేంద్రం ఆదాయం పెరిగే దారి ఉండదు, తగ్గే దారులు మాత్రం అనేకం.

ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. 1,000 మెగావాట్ల కేంద్రం ఏడాది పొడవునా రోజుకు సగటున 50 లక్షల యూనిట్లు ఉత్పత్తి చేస్తుందని అనుకుందాం. అందులో నూటికి ఒక వంతు తగ్గితే రోజుకు 50 వేల యూనిట్లు, ఏడాదికి కోటీ 82 లక్షలకు పైగా యూనిట్లు పోతాయి. 4.63 రూపాయల చొప్పున అది దాదాపు 8 కోట్ల 45 లక్షల రూపాయలు. నూటికి ఒక వంతు అంటే కంటికి ఆనని తేడా. మబ్బు కమ్మిన ఒక్క పూటలో అంతకంటె ఎక్కువ పోతుంది. కానీ మబ్బు తొలగిపోతుంది, ఫలకంలోని లోపం అక్కడే ఉంటుంది.

ఈ పార్కులో 315 వాట్ల ఫలకాలు 40 లక్షలకు పైగా ఉన్నాయి. ఒక్కొక్కదానిని విప్పి చూసి వైద్యం చేయడం సాధ్యంకాని పని. అందువల్ల ఏ లోపం ఎక్కడ వస్తుందో, ఏ లక్షణంతో కనిపిస్తుందో ముందుగా తెలిసి ఉండాలి. ఇకమీద చెప్పబోయే దోషాలు సిలికాన్ ఫలకాలకు సాధారణమైనవి. ప్రత్యేకించి ఈ పార్కుకు అంటగట్టి చెబుతున్నవి కావు.

3. ఫలకంలో ఏమి ఉంటుంది

పైన గాజు. దాని కింద ఈవీఏ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ పొర. ఆ పొర నడుమ పలుచని సిలికాన్ ఘటాలు, సాధారణంగా 60 లేదా 72. వాటి కింద మరొక ఈవీఏ పొర, వెనుక ప్లాస్టిక్ తెర, చుట్టూ అల్యూమినియం చట్రం. మన ఇండ్లలో పటం కట్టించినట్లే ఉంటుంది. పటంలో బొమ్మ ఉన్నచోట ఘటాలు ఉంటాయి, అంతే.

ఒక్క ఫలకం ఇచ్చే వోల్టేజీ తక్కువ, 37 వోల్టుల ప్రాంతం. అందుకని ఫలకాలను వరుసగా గొలుసు కట్టి వోల్టేజీని పెంచుతారు. 20 ఫలకాల గొలుసులో అది 740 వోల్టులకు చేరుతుంది. చట్రాలన్నిటినీ భద్రత కోసం భూమికి కలుపుతారు. దీనితో ఒక విచిత్రస్థితి ఏర్పడుతుంది. చట్రం ఎప్పుడూ సున్నా వోల్టుల వద్ద ఉంటుంది. లోపలి ఘటాలు మాత్రం గొలుసులో తమ స్థానాన్నిబట్టి భూమికంటె ఎన్నో వందల వోల్టుల పైనో కిందనో ఉంటాయి. గొలుసును ఏ కొసనూ భూమికి కలపకుండా వదిలితే, ఒక కొసన ఘటాలు దాదాపు ధన 370 వోల్టుల వద్ద, మరొక కొసన రుణ 370 వోల్టుల వద్ద నిలుస్తాయి. చట్రానికీ ఘటానికీ మధ్య ఉన్నది కొన్ని మిల్లీమీటర్ల గాజు, ప్లాస్టిక్ మాత్రమే. ఈ ఒత్తిడి పగలంతా ఉంటుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది.

4. మాసినది

ముందుగా సులభమైనది. దుమ్ము పడితే వెలుతురు లోపలికి పోదు, ఉత్పత్తి తగ్గుతుంది. ఇది ఘటానికి వచ్చిన జబ్బు కాదు, గాజుమీది మాపు. బట్ట మాసినంత మాత్రాన చినిగినట్లు కాదు కదా.

అయితే మన ప్రాంతంలో మాపు అంత అమాయకమైనది కాదు. బేతంచెర్ల బండల పాలిషు కేంద్రాల చుట్టుపక్కల చెట్ల ఆకులు ఎలా తెల్లబారి ఉంటాయో ఆ దారిన వెళ్ళినవారికి తెలుసు. సున్నపురాతి పొడి వంటి దుమ్ముమీద తెల్లవారుజామున మంచు పడి, పగటి ఎండకు ఆరితే, అందులోని లవణాలు కరిగి మళ్ళీ గడ్డకట్టి గాజుకు పొక్కులా అతుక్కుంటాయి. అటువంటి దుమ్మును గాలి లేపుకుపోలేదు, తేలికపాటి జల్లు కడగలేదు. పైగా చిన్న జల్లు దుమ్మును అంచుకు జార్చి, చట్రం దగ్గర చారలా పేరుస్తుంది. కింది వరుస ఘటాలకు నీడ పడి నష్టం ఇంకా పెరుగుతుంది.

కడగడానికి నీరు కావాలి. ఒక్కొక్క ఫలకానికి 2 లీటర్లు అనుకున్నా 40 లక్షల ఫలకాలకు ఒక విడతకు 80 లక్షల లీటర్లు, అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 800. రాయలసీమలో ఈ లెక్క వినగానే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. నీరు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలు వాడుకలోకి రావడానికి ఇదే ముఖ్యకారణం. వాటితోనూ జాగ్రత్త అవసరం. ఇసుక రేణువు ఉన్నచోట బ్రష్షు రుద్దితే గాజుమీది ప్రతిఫలన నిరోధక పూత అరిగిపోతుంది. మాపును పోగొట్టబోయి అరుగుదలను తెచ్చుకోవడం అది.

ఏ పరీక్షకైనా ముందు ఫలకాన్ని కడగాలి. కడగకుండా కొలిచి క్షీణత ఇంత అని నివేదిక రాస్తే, అందులో మాపు ఎంతో వాడుదల ఎంతో ఎవరూ చెప్పలేరు.

5. వాడినది

నీరు లేని మొక్క వాడిపోతుంది, నీరు పోస్తే తలెత్తుతుంది. వాడిపోవడం లోపలి మార్పే, పైకి అంటిన మురికి కాదు. అయినా అది చావు కాదు. ఫలకాలలో ఇటువంటి దశకు మంచి ఉదాహరణ పొటెన్షియల్ ప్రేరిత క్షీణత. పరిశ్రమలో అందరూ దీనిని పీఐడీ అంటారు.

పైన చెప్పిన రుణ కొసను గుర్తుచేసుకుందాం. ఇటీవలి కాలం వరకు మైదానాలలో అమర్చిన ఫలకాలలో అత్యధికభాగం పి-రకం సిలికాన్ ఘటాలతో తయారైనవి. రుణ కొసలోని ఫలకాలలో ఘటం భూమికంటె వందల వోల్టులు తక్కువ పొటెన్షియల్ వద్ద ఉంటుంది. మామూలు గాజులో సోడియం పుష్కలంగా ఉంటుంది. సోడియం అయాన్ ధనావేశం కలది. కనుక చట్రం, గాజు వైపు నుంచి ఘటం వైపు లాగబడుతుంది. గాజు పొడిగా ఉన్నప్పుడు ఈ ప్రభావం చట్రం అంచులకే ఎక్కువగా పరిమితం. మంచువల్లనో వానవల్లనో గాజు తడిసినప్పుడు ఆ తడిపొర విద్యుత్తును మోసి, ఫలకం ముఖమంతటినీ చట్రంతో సమానం చేస్తుంది. ఇక లాగుడు నలుమూలలా జరుగుతుంది. వేడిమి పెరిగితే గాజు, ఈవీఏల నిరోధం తగ్గి అయాన్ల నడక వేగం పుంజుకుంటుంది. వానాకాలపు ఉక్కపోత రోజులు, తెల్లవారుజామున మంచు పడి ఎండ కాసే రోజులు ఇందుకు అనువైనవి.

సోడియం ఘటాన్ని చేరి ఏమి చేస్తుందన్నది చాలాకాలం తేలలేదు. జర్మనీలోని హాలె నగరంలో ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ఫోల్కర్ నౌమన్ బృందం 2014లో ప్రచురించిన వ్యాసం దీనికి స్పష్టత తెచ్చింది. సిలికాన్ స్ఫటికంలో పరమాణువుల వరుసలు అక్కడక్కడ తప్పిన చోట్లు ఉంటాయి. వరుస తప్పిన ఆ సన్నని పగుళ్ళ వంటి తలాలలోకి సోడియం చొరబడి, ఘటంలోని పి–ఎన్ సంధిని అడ్డంగా దాటే వాహకమార్గాలను ఏర్పరుస్తుంది. బయటి తీగలోకి పోవలసిన విద్యుత్తు ఆ అడ్డదారిన లోపలనే కారిపోతుంది.

ఈ దోషం లక్షణం అర్థం కావడానికి చిల్లుకడవ చాలు. కుళాయి ధారగా పడుతుంటే కడవ నిండుతూనే ఉంటుంది, చిల్లు తెలియదు. కుళాయి సన్నగిల్లితే వచ్చినదంతా చిల్లుగుండానే పోతుంది. అలాగే పీఐడీ తొలిదశలో ఉన్న ఫలకం మిట్టమధ్యాహ్నం ఆరోగ్యంగానే కనిపిస్తుంది. ఉదయం, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు మాత్రం దాని ఉత్పత్తి పడిపోతుంది. మధ్యాహ్నం 12 గంటలకు మాత్రమే కొలతలు తీసుకునేవారికి ఈ జబ్బు ముదిరేదాకా పట్టుబడదు.

పట్టుకునే ఇతర దారులూ ఉన్నాయి. చీకటిలో ఫలకానికి బయటినుంచి విద్యుత్తు పంపితే సిలికాన్ ఘటాలు కంటికి కనిపించని పరారుణ కాంతిని వెలువరిస్తాయి. దానిని ప్రత్యేకమైన కెమెరాతో ఫొటో తీస్తే మంచి ఘటాలు వెలుగుతూ, దోషమున్నవి నల్లగా, మొత్తం చదరంగపు బల్ల వలె కనిపిస్తుంది. పగటిపూట వేడిమిని చూసే కెమెరాతో డ్రోను నడిపినా కొన్ని ఘటాలు తక్కినవాటికంటె వెచ్చగా తేలుతాయి. అంతకన్నా గట్టి సాక్ష్యం వాటి స్థానం. నల్లని ఘటాలు గొలుసు పొడవునా చెదురుమదురుగా ఉంటే కారణం మరొకటి కావచ్చు. రుణ కొస వైపుకు పోయేకొద్దీ పెరుగుతూ, ఫలకంలో చట్రం అంచుల వెంట గుమిగూడి ఉంటే అది దాదాపు పీఐడీయే.

ఇది కొత్తగా కనిపెట్టిన దోషం కాదు. ఫలకాలలో వోల్టేజీ ఒత్తిడివల్ల కలిగే విద్యుద్రసాయన మార్పులను అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ 1980లలోనే అధ్యయనం చేసింది. అప్పటి కేంద్రాలు చిన్నవి కనుక అది పెద్ద సమస్యగా తోచలేదు. 2005లో సన్‌పవర్ సంస్థ పరిశోధకులు తమ ఎన్-రకం ఘటాలలో ఇటువంటి నష్టాన్నే, కానీ ధన కొసలో, గమనించి ప్రకటించారు. అక్కడ సోడియం పాత్ర లేదు. ఘటం ఉపరితలంపై ఆవేశం పోగుపడడమే కారణం. దిశ మార్చి వోల్టేజీ ఇస్తే ఆ ఆవేశం పోయింది, శక్తి తిరిగివచ్చింది. పోయినది తిరిగి రాగలదన్న భావం పరిశ్రమలో స్థిరపడడానికి ఈ పరిశీలన ఎంతో తోడ్పడింది. 2010లో జర్మనీకి చెందిన సోలోన్ సంస్థ పరిశోధకుల వ్యాసంతో పొటెన్షియల్ ప్రేరిత క్షీణత అన్న పేరు రూఢి అయింది. 2015లో అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం పరీక్షాపద్ధతిని నిర్ణయించింది. ఫలకాన్ని 85 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో, గాలిలో 85 శాతం తేమ ఉండగా, పూర్తి వోల్టేజీ కింద 96 గంటలు ఉంచి చూడడం అందులో ఒకటి. ‘పీఐడీ నిరోధకం’ అని అమ్మే ఫలకాలు ఇటువంటి పరీక్షకు నిలిచినవి. 96 గంటల పరీక్ష 25 ఏళ్ళ ఎండావానలకు హామీ అవుతుందని నమ్మడం మాత్రం కష్టం.

6. రాత్రి చికిత్స

ఇప్పుడు విద్యార్థి చెప్పిన పెట్టె. దాని సూత్రం సులభం. పగలు రుణ వోల్టేజీ సోడియాన్ని లోపలికి లాగితే, రాత్రి ఫలకాలు పని లేక ఉన్నప్పుడు, ఘటాలను భూమికంటె ధన వోల్టేజీ వద్ద ఉంచి దానిని వెనుకకు నెట్టాలి. ఇన్వర్టర్ వద్ద ఒక చిన్న పరికరాన్ని అమర్చుతారు. సూర్యాస్తమయం తరువాత ఇన్వర్టర్ ఆగినదని గుర్తించి అది తానే మేల్కొంటుంది. గొలుసుకు, భూమికి మధ్య కొన్ని వందల వోల్టులు మొదలుకొని వేయి వోల్టుల దాకా ఇస్తుంది. దీనికి ఖర్చయ్యే విద్యుత్తు బహుస్వల్పం. ఎందుకంటే గాజుగుండా పారేది లేశమాత్రపు కరెంటే. తెల్లవారగానే పరికరం తప్పుకుంటుంది, ఇన్వర్టర్ పనిలోకి దిగుతుంది.

ప్రయోగశాలలో వేడిమిని పెంచి ఈ పని చేస్తే గంటలలో, రోజులలో ఫలితం కనిపిస్తుంది. మైదానంలో రాత్రి చల్లదనంవల్ల వారాలు, నెలలు పడుతుంది. ఇక్కడ ప్రకృతి వేళాకోళం గమనించదగినది. దోషాన్ని కలిగించే పగటికి వేడిమి తోడు, దోషాన్ని పోగొట్టే రాత్రికి ఆ తోడు లేదు. మన ప్రాంతపు వేసవి రాత్రుల వెచ్చదనం ఈ ఒక్క పనికి మాత్రం వరం అనుకోవాలి.

ఈ చికిత్సకు కొన్ని హద్దులున్నాయి. అమ్మకందార్ల కరపత్రాలలో అవి అంతగా కనిపించవు.

మొదట, కోలుకోవడం ఎప్పుడూ సంపూర్ణం కాదు. తొలిదశలో పట్టుకున్న ఫలకం దాదాపు పూర్వస్థితికి వస్తుంది. బాగా ముదిరిన తరువాత మొదలుపెడితే కొంతవరకు వచ్చి ఆగుతుంది. మధ్యాహ్నపు ఉత్పత్తి ముందుగా తిరిగివస్తుంది, మసక వెలుతురులోని ఉత్పత్తి ఆలస్యంగా వస్తుంది. చిల్లు చిన్నదైనా పూర్తిగా పూడనందువల్ల ఇలా జరుగుతుంది. అందుచేత చికిత్స తరువాత మధ్యాహ్నపు కొలతలు మాత్రమే చూపి నూటికి నూరు పాళ్ళు వచ్చిందని చెప్పేవారిని ఉదయం 7 గంటల కొలతలు అడగాలి.

రెండవది, ఇది మందు వంటిది, టీకా వంటిది కాదు. పగటి ఒత్తిడి అలాగే ఉంటుంది గనుక పెట్టె తీసివేస్తే దోషం తిరిగివస్తుంది. అసలు నివారణ మరోచోట ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఇన్వర్టర్లలో రుణ ధ్రువాన్నే భూమికి కలిపితే ఏ ఘటమూ భూమికంటె కిందికి పోదు. అధిక నిరోధం గల ప్లాస్టిక్ పొరలు, ఘటంపై మెరుగుపరిచిన సిలికాన్ నైట్రైడ్ పూత కూడా మేలు చేస్తాయి. ఇవన్నీ కట్టడానికి ముందు ఆలోచించవలసినవి. కట్టిన తరువాత మిగిలేది పెట్టె.

మూడవది, ఘటం రకం తెలియకుండా పెట్టె తగిలించరాదు. పి-రకానికి ధన వోల్టేజీ మందయితే, కొన్ని ఎన్-రకం ఘటాలకు అదే విషం. ఒకే కేంద్రంలో పాతవి, కొత్తవి కలిసి ఉన్నప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి. ఒకరి మాత్ర మరొకరు మింగినట్లు కాకూడదు.

7. చివికినది

చివికిన గుడ్డను ఉతికినా చిరుగుతుంది, వదిలినా చిరుగుతుంది. ఫలకాలలో ఈ జాతి లోపాలు అనేకం. ఎండకు ఈవీఏ పసుపు, గోధుమరంగులకు తిరుగుతుంది. ఆ క్రమంలో వెలువడే ఎసిటిక్ ఆమ్లం లోపలి లోహపు తీగలను తింటుంది. కాలిఫోర్నియాలోని కరిస్సా మైదానంలో 1980లలో కట్టిన కేంద్రం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఎక్కువ ఎండ కోసం ఫలకాల పక్కన అద్దాలు పెట్టారు. ఆ అదనపు వేడిమికి ప్లాస్టిక్ పొర గోధుమరంగు తిరిగింది. ఉత్పత్తి పడిపోయి, కేంద్రాన్ని 1990లలో విప్పివేశారు. ఆశపడి పెట్టిన అద్దాలే చేటు తెచ్చాయి. రవాణాలో, బిగింపులో, ఫలకాలపై కాలు మోపి నడవడంలో ఘటాలకు వచ్చే వెంట్రుక పగుళ్ళు, వెనుక తెర బీటలు, అతుకుల సడలింపు కూడా ఈ కోవలోనివే. పలుచని పొర ఫలకాలలో కొన్నింటికి సోడియంవల్లనే గాజుపైని పారదర్శక వాహకపు పూత తినివేయబడుతుంది. కారకుడు అదే సోడియం, మొదలు అదే వోల్టేజీ, అయినా ఆ నష్టం తిరిగిరాదు. కారణం ఒకటైనంత మాత్రాన పర్యవసానం ఒకటి కాదు.

ఐఐటీ బొంబాయిలోని జాతీయ ఫొటోవోల్టాయిక్ పరిశోధన కేంద్రం, జాతీయ సౌరశక్తి సంస్థ కలిసి 2013 నుంచి కొన్ని విడతలుగా దేశమంతటా ఫలకాలను పరీక్షించాయి. వేడి ప్రాంతాలలోని ఫలకాలు చల్లని ప్రాంతాలవాటికంటె త్వరగా శక్తిని కోల్పోతున్నాయని, పెద్ద కేంద్రాలకంటె ఇంటికప్పులమీది చిన్న ఏర్పాట్లు హీనస్థితిలో ఉన్నాయని ఆ సర్వేలు చూపాయి. రెండవ అంశం ఆలోచింపజేస్తుంది. పెద్ద కేంద్రంలో డ్రోను ఎగురుతుంది, కెమెరా చూస్తుంది, పెట్టె తగులుతుంది. మిద్దెమీది నాలుగు ఫలకాలను కడిగేవారే ఉండరు.

ఈ వర్గీకరణలో పొరపాటు జరిగితే ఏమవుతుంది? వాడినదానిని చివికినదని అనుకుంటే, ఇంకా 15 ఏళ్ళు పనిచేయగల ఫలకం చెత్తకుప్ప చేరుతుంది. 2050 నాటికి ప్రపంచంలో పోగయ్యే ఫలకాల వ్యర్థం 7 కోట్ల 80 లక్షల టన్నులకు చేరవచ్చని అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ 2016లో అంచనా వేసింది. మన దేశంలో 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు ఫలకాలను తమ పరిధిలోకి తెచ్చి, 2034–35 వరకు పోగయ్యే వ్యర్థాన్ని ఉత్పత్తిదారులు నిలవ ఉంచాలని చెబుతున్నాయి. నిలవ ఉంచడానికీ నేల కావాలి. ఆ నేల ఏ ఊరిదో ఊహించడం కష్టం కాదు. దీనికి భిన్నంగా, చివికినదానిని వాడినదని భ్రమించి పెట్టెమీద డబ్బు పోస్తే, ఉత్పత్తి తిరిగిరాదు, కాలమూ పోతుంది.

8. పరిభాష, పలుకుబడి

‘క్షీణత’ అన్న పదాన్ని తొలగించాలని నా ఉద్దేశం కాదు. మొత్తం నష్టాన్ని చెప్పడానికి అది ఉండవచ్చు. దాని కింద మాయు, వాడు, చివుకు అన్న మూడు క్రియలను నిలిపితే ప్రతి లోపానికీ ఏమి చేయాలో మాటలోనే తెలుస్తుంది. మాసినది కడగాలి, వాడినది తేర్చాలి, చివికినది మార్చాలి. ‘మాపు’ అన్న నామానికి మా ప్రాంతంలో సాయంకాలమన్న అర్థమూ ఉన్నది గనుక కొంత అయోమయం రావచ్చు. ఫలకం విషయంలో ఆ రెండవ అర్థం వచ్చినా పెద్ద ప్రమాదం లేదు. ‘పునరుద్ధరణ’కు మారుగా ‘తేరుకోలు’ అన్న రూపాన్ని కూడా పరిశీలించవచ్చు. జ్వరం తగ్గినవాడు తేరుకున్నాడు అంటాం కానీ పునరుద్ధరింపబడ్డాడు అనం.

మాటల ఎంపిక పండితుల వ్యవహారంగా మాత్రమే మిగిలిపోకూడదని చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. రాత్రి ఫలకాలలో కరెంటు ఉండదని అందరూ నమ్ముతారు. ఎండ లేదు, కరెంటు లేదు. పెట్టె లేని కేంద్రంలో ఆ నమ్మకం చాలావరకు నిజమే. పెట్టె ఉన్నచోట గొలుసంతా రాత్రి కూడా వందల వోల్టుల వద్ద ఉంటుంది. వేడెక్కిన గాజుపై చల్లని నీరు పడితే పగిలే ప్రమాదముంది గనుక ఫలకాలను కడిగే పని తరచు చీకటితోనే మొదలవుతుంది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు, మగవాళ్ళు తడిచేతులతో, తడికాళ్ళతో ఆ వరుసల మధ్య తిరుగుతారు. పరికరం పంపే కరెంటుకు హద్దు ఉంటుంది, నిజమే. కానీ దెబ్బతిన్న తీగ, విడిపోయిన కనెక్టర్ ఉన్నచోట ఆ హద్దుమీద ప్రాణం పెట్టడం తగదు. కడగడానికి ముందు పెట్టెను ఆపివేయాలన్నది నియమం. ఆ నియమం ఇన్వర్టర్ గదిలోని పుస్తకంలో, ఇంగ్లీషులో ఉంటుంది.

విద్యార్థి అన్న అడిగాడని ఇద్దరం కలిసి ఒక హెచ్చరిక బోర్డుకు వాక్యం రాశాం. నేను మొదట రాసినది: “రాత్రివేళలయందు సైతం ఫలకములలో విద్యుత్ పొటెన్షియల్ ఉండును. పరికరమును నిలిపివేసిన పిదప మాత్రమే శుభ్రపరచవలెను.” విద్యార్థి దానిని చదివి, కాసేపు ఆగి, కింద ఇలా రాశాడు: “ఈ పలకల్లో రాత్రి కూడా కరెంటు ఉంటుంది. పెట్టె ఆపినామని చెప్పినాకనే కడగండి.”

బోర్డు మీదికి అతని వాక్యమే వెళ్ళింది.